మిరుగుకు (మృగశిర కార్తెకు) మూడు వారాలే ఉంది: డాబా ముందా, వంటిల్లు ముందా, పెరడు ముందా?

గోపాలపూర్_కోడలు
మాది హన్మకొండలో గోపాలపూర్ వైపు. ఇల్లు కట్టి 22 ఏళ్లయింది. డాబా 120 గజాలుంటుంది, వెనక చిన్న పెరడు. మా ఆయన ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అటెండర్, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 46 వేలు. 20 నెలల రెండు లక్షల చిట్టీని ఎనిమిదో నెలలో పాట పాడి ఎత్తుకున్నాం. చేతికి 1,66,000 వచ్చింది. ఇంటి పనుల కోసమే ఎత్తాం, ఇప్పుడు ఆ పనుల మీదే రోజూ గొడవ.

హాలులో ఫ్యాను కొండీ పక్కన పెద్ద మరక పడింది. డాబా మొత్తం వాటర్‌ప్రూఫింగ్ చేయాలని మేస్త్రి 92 వేలు చెప్పాడు. వంటింట్లో గట్టు కింద చెక్క అరలను చెదలు తినేశాయి, మళ్లీ అట్లాంటివే చేయించాలంటే 60 వేలు. పెరడంతా సిమెంటు గచ్చు వేయిద్దామని మా ఆయన పట్టు, అది 35 వేలు. మా అత్తమ్మ మాత్రం మట్టి మీద చెయ్యి పెట్టనివ్వడం లేదు. మొత్తం 1,87,000. మా ఖాతాలో అప్పుడే 9 వేలు పోయాయి, పుస్తకాలకు కొంత, ఒక పెళ్లిలో చదివింపులకు కొంత. మిగిలింది 1,57,000. తక్కువ పడ్డ 30 వేలకు నా గొలుసు గిర్వి పెడదామంటున్నారు. వానలు దగ్గర పడ్డాయి, రాత్రి నిద్ర పట్టడం లేదు. ఏది ముందు చేయాలి?

కరీమాబాద్_పిల్ల
డాబానే అక్కా, ఆలోచించే పని లేదు. పైకప్పు కారుతుంటే కింద ఎంత చేసినా దండగ.

కాజీపేట_రైలు
డాబా. మేము రెండేళ్లు వాయిదా వేశాం. మూడో వానకాలంలో సిమెంటు పెచ్చు ఊడి మంచం మీద పడింది. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బింది. అప్పుడు పెట్టిన ఖర్చు ముందు చెప్పినదానికి రెండింతలు.

పరకాల_పంతులమ్మ
నేను ఒప్పుకోను. రోజుకు నాలుగైదు గంటలు ఆ వంటింట్లో నిలబడేది ఈ అమ్మాయి. చెదలు పట్టిన అరల్లో పప్పులు, పిండి పెట్టుకుని ఎట్లా వండుతుంది? హాలులో మరక నలుగురికీ కనిపిస్తుంది కాబట్టి అది ముందు, వంటిల్లు ఆడమనిషికే కనిపిస్తుంది కాబట్టి వెనక. మా ఇంట్లో పదిహేనేళ్లు ఇదే జరిగింది.

సుతారి_బిడ్డ
మా నాన్న 40 ఏళ్లు సుతారి (తాపీ) పని చేశాడు, ఇప్పుడు నేను, మా తమ్ముడు చేయిస్తున్నాం. అక్కా, రెండు ముక్కలు చెప్పు. ఆ మరక ఇప్పుడు ఎండాకాలంలో కూడా తడిగా ఉందా? దాని పైన డాబా మీద ఏముంది?

లెక్కల_సారు
పనుల సంగతి తర్వాత, ముందు పైసల సంగతి చూద్దామమ్మా. చిట్టీ ఎత్తిన సొమ్ము మిగులు కాదు. ఎనిమిది నెలల్లో డివిడెండు, అంటే ప్రతి పాటలో తగ్గిన సొమ్ములో మీకొచ్చే వాటా పోను మీరు కట్టింది 70 వేలు అనుకుందాం. మిగతా 96 వేలు రాబోయే 12 నెలల్లో తిరిగి కట్టాల్సిన అప్పే. పాటలు చివరికి వచ్చేకొద్దీ జనం తక్కువకు పోరు, డివిడెండు తగ్గుతుంది, మీ వాయిదా నెలకు పది వేలకు దగ్గరవుతుంది. 46లో 10 పోతే 36తో ఇల్లు నడవాలి. తెలంగాణలో జూన్ 12న బడులు తెరుస్తారు. ఫీజు ఎంత?

గోపాలపూర్_కోడలు
ఇద్దరు పిల్లలకు మొదటి టర్ము 28 వేలు సార్. దాన్ని నేను జూన్ జీతంలో కడదామనుకున్నాను.

లెక్కల_సారు
జూన్ జీతంలో చిట్టీ వాయిదా, కిరాణా, కరెంటు పోయాక 28 వేలు ఎక్కడి నుంచి వస్తాయి? 1,57,000లో ఫీజు 28 ఇవాళే తీసి పక్కన పెట్టండి. రెండు నెలల చిట్టీ వాయిదా 20 కూడా తీయండి. ఇంటికి మీ దగ్గరున్నది 1,09,000. ఇక మీదట ఆ అంకె మీదే మాట్లాడుకోండి. దాన్ని వేరే ఖాతాలో వేసి, ఆ కార్డు బీరువాలో పెట్టండి. ఇంటి ఖర్చు, పని ఖర్చు ఒకే ఖాతాలో ఉంటే చదివింపులు కూడా ఇల్లు బాగుచేసే లెక్కలోకి వస్తాయి.

మిర్చి_యార్డు
సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మేము ఎనుమాముల మార్కెట్‌లో పంట అమ్మిన పైసలను మూడు కవర్లలో పెడతాం. విత్తనాలు, ఎరువులకు ఒకటి, అప్పులకు ఒకటి, ఇంటికి ఒకటి. ఇంటి కవరు అయిపోతే ప్రహరీ గోడ సగంలో ఆగినా సరే, మిగతా రెండు కవర్లు ముట్టుకోం. మా గోడ రెండేళ్లు సగమే ఉంది, చుట్టాలందరూ అడిగారు. అయినా విత్తనాలకు అప్పు చేయలేదు.

జమ్మికుంట_పత్తి
చిట్టీ మధ్యలో ఎత్తడమే తప్పు. చివరిదాకా ఆగితే దాదాపు మొత్తం వచ్చేది.

బ్యాంకు_అక్క
ఎత్తేశారు కదా తమ్ముడూ, ఇప్పుడు అనుకుని ఏం లాభం? వాన ఆగుతుందా వాళ్ల కోసం? రిజిస్టరైన చిట్టీ అయితే సరే, నిర్వాహకుడి కమీషన్ 7 శాతం మించకూడదని 2019 సవరణలో ఉంది, మీ పాస్‌బుక్‌లో ఒకసారి చూసుకోండి.

గొలుసు సంగతి. తప్పదంటే బ్యాంకులోనే పెట్టండి. బయట నూటికి రెండు రూపాయల మిత్తి అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి అది 24 శాతం. బ్యాంకులో బంగారం మీద అందులో సగం కూడా పడదు చాలాసార్లు. అయినా పెరట్లో గచ్చు కోసం గొలుసు పెట్టడం నాకు మనసొప్పడం లేదు. ఆసుపత్రి ఖర్చు వస్తే చేతికి అందేది ఆ గొలుసే.

సోలార్_తమ్ముడు
ఎలాగూ డాబా ముట్టుకుంటున్నారు కదా, సోలార్ కూడా చూడండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, 3 కిలోవాట్లు, ఆపైన అయితే 78 వేలు సబ్సిడీ వస్తుంది. మా ఇంట్లో పెట్టించాం, కూలరు రోజంతా తిరుగుతోంది.

సుతారి_బిడ్డ
సోలార్ మంచిదే, కానీ దాని స్టాండుకు స్లాబులో బోల్టులు దింపుతారు. కారే స్లాబు మీద ఆ పని వద్దు, ముందు నీళ్ల సంగతి తేలాలి. అక్కా, నా ప్రశ్నకు జవాబు రాలేదు.

గోపాలపూర్_కోడలు
ఇప్పుడే స్టూలు ఎక్కి చెయ్యి పెట్టి చూశాను. తడిగానే ఉంది! నడుమ చల్లగా, అంచుల్లో సున్నం పొక్కులు లేచి వేలికి పొడి అంటుతోంది. పైన ట్యాంకు ఉంది, ఇటుకల గద్దె కట్టి దాని మీద పెట్టారు. సరిగ్గా కొండీకి పైనే కాదు, ఒక అడుగు పక్కకు.

సుతారి_బిడ్డ
మన దగ్గర వాన పడి ఎన్ని రోజులైంది? ఇంత ఎండలో స్లాబు మీద చెప్పులు లేకుండా నిలబడలేం. అట్లాంటప్పుడు వాన నీటి మరక ఎండిపోవాలి. తడిగా ఉందంటే రోజూ నీళ్లు అందుతున్నాయన్నమాట. నా అనుమానం ట్యాంకు మీదే.

ఇవాళ రాత్రి ఒక పని చేయండి. ట్యాంకు నింపి, మోటారు ఆపి, ట్యాంకు దగ్గరి వాల్వు కట్టేయండి. ఇంట్లో ఎవరూ నీళ్లు వాడకూడదు, బకెట్లు ముందే నింపుకోండి. మూత తీసి లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. తెల్లారి చూడండి.

92 వేల మాట అప్పటిదాకా పక్కన పెట్టండి. మేస్త్రి మోసం చేశాడని నేను అనడం లేదు, వాటర్‌ప్రూఫింగ్ చేసేవాడిని పిలిస్తే వాటర్‌ప్రూఫింగే చెబుతాడు.

కరీమాబాద్_పిల్ల
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముందు సుద్దముక్క 😊

నర్సంపేట_నాటు
పెరడు గురించి ఎవరూ మాట్లాడటం లేదేంది? అత్తమ్మ మాటే నిజం. గచ్చు వేస్తే మే నెలలో ఆ వేడి రాత్రి పదింటిదాకా వెనక గదిలోకి కొడుతుంది. మట్టి ఉంటే ఒక మునగ, ఒక కరివేపాకు, నాలుగు బీర పాదులు. చెరువు మట్టి ఒక ట్రాక్టర్, పశువుల ఎరువు నాలుగు బస్తాలు చాలు. మిరుగు చినుకు పడగానే చిక్కుడు పెడితే సంక్రాంతికి పందిరి నిండా కాయ.

కాజీపేట_రైలు
అన్నా, నువ్వు ఊళ్లో ఉంటావు. మా కాలనీలో పెరట్లో మట్టి వదిలినవాళ్లకు వానకాలం బురద, గడ్డి, తేళ్లు. మా పాపను కట్టెల కుప్ప దగ్గర తేలు కుట్టింది, రాత్రంతా ఎంజీఎం ఆసుపత్రిలో కూర్చున్నాం. ఆ నెలలోనే గచ్చు వేయించాను. వాళ్లాయన భయం ఉత్తది కాదు.

నర్సంపేట_నాటు
పాప ఇప్పుడు బాగుంది కదా అన్నా? నాకు ఆ సంగతి తెలియదు. కట్టెలు, ఇటుకలు గోడకు ఆనించి పెట్టకపోతే చాలావరకు తగ్గుతాయి, కానీ పిల్లలున్న ఇంట్లో నీ భయం నాకు అర్థమైంది.

కాజీపేట_రైలు
బాగుందన్నా, ఇప్పుడు ఎనిమిదో తరగతి.

ములుగు_వాన
నేను 2023 జులై మరిచిపోలేను. మా జిల్లాలో లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల దాకా వాన పడింది. అదే వారం హన్మకొండ నయీంనగర్ నాలా పొంగి, మా చెల్లె ఇంట్లో మంచాలు తేలాయి. ఆ గల్లీలో అన్ని ఇళ్లకూ గోడ నుంచి గోడకు గచ్చే, నీళ్లు ఇంకడానికి బెత్తెడు జాగా లేదు. అంత వానకు ఒక్క పెరడు ఏం ఆపుతుందని అడుగుతారు. ఆపదు, నిజమే. మామూలు వానకు మాత్రం ఆపుతుంది.

లెక్కల_సారు
120 గజాలంటే దాదాపు 100 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 10 వేల లీటర్లు. రెండు పెద్ద ట్యాంకర్ల నీళ్లు డాబా నుంచి పైపులో దిగి రోడ్డు మీదికి పోతున్నాయి. మేలో బోరు ఎండిందని ట్యాంకరుకు డబ్బులు కట్టేది మనమే.

వడ్డేపల్లి_గట్టు
డాబా పైపు కింద ఇంకుడు గుంత తవ్వుకోండి. మాది పొడవు, వెడల్పు నాలుగేసి అడుగులు, లోతు ఆరు. అడుగున పెద్ద రాళ్లు, పైన 40 ఎంఎం కంకర, ఆ పైన 20 ఎంఎం, చివర దొడ్డు ఇసుక. ఇద్దరు మనుషులు ఒకటిన్నర రోజు పని. పునాదికి ఆనుకుని మాత్రం తవ్వొద్దు, జర దూరం ఉండాలి. ఏటా వానలకు ముందు పైన ఇసుక గోకి మారుస్తున్నాం.

గోపాలపూర్_కోడలు
సుతారి_బిడ్డా, ఏం చెప్పను! పొద్దున ఐదున్నరకే మా ఆయన, నేను డాబా ఎక్కాం. టార్చి కొట్టి చూస్తే నీళ్లు గీతకు నాలుగు వేళ్లు కిందికి దిగాయి. ట్యాంకు నుంచి పైపు బయటికి వచ్చే చోట గద్దె ఇటుకలన్నీ పచ్చగా పాచి పట్టి ఉన్నాయి. ఇన్నాళ్లూ బట్టలు ఆరేయడానికి రోజూ వెళ్తాను, ఎప్పుడూ వంగి చూడలేదు. ప్లంబరు వచ్చి జాయింటు, మూడడుగుల పైపు మార్చాడు. 1,850 రూపాయలు.

కరీమాబాద్_పిల్ల
92 వేలెక్కడ, 1,850 ఎక్కడ!

బ్యాంకు_అక్క
గొలుసు మెడలోనే ఉంచు తల్లీ.

సుతారి_బిడ్డ
సంతోషం అక్కా. కానీ అప్పుడే వదిలేయొద్దు, 22 ఏళ్ల స్లాబు కాబట్టి వాన సంగతి కూడా ఇప్పుడే చూడాలి. డాబా నీళ్లు పోయే తూములను గుడ్డ, పాలిథిన్‌తో మూసి, అంగుళం లోతు నీళ్లు నింపండి. ఒక రోజంతా ఉంచి కింద ప్రతి గదిలో పైకి చూడండి, పిట్టగోడ పక్కన ముఖ్యంగా. స్లాబూ పిట్టగోడా కలిసే మూలలోనే పాత ఇళ్లలో చీలిక వస్తుంది. చీలిక ఉంటే అక్కడ చెక్కి గోల కట్టాలి, అంటే మూల నిలువుగా కాకుండా వాలుగా సిమెంటు నింపడం.

సిమెంటు పని పొద్దున ఏడు లోపల మొదలుపెట్టించండి. ఈ ఎండకు గంటలో ఆరి నెర్రెలు ఇస్తుంది. తడి గోనెసంచులు కప్పి ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. మేస్త్రి వెళ్లిపోతాడు, నీళ్లు కొట్టాల్సింది మీరే. చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే.

జమ్మికుంట_పత్తి
గుత్తకు ఇవ్వాలా, రోజు కూలీకి పెట్టాలా?

సుతారి_బిడ్డ
గోల లాంటి చిన్న పనికి రోజు కూలీ. మొత్తం డాబా అయితే గుత్త, అది కూడా సామాను మనం కొనిచ్చి కూలి మాత్రమే గుత్త. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత రేటు పట్టుకుని ఎస్టిమేట్ రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. అడ్వాన్సు మూడో వంతు మించొద్దు.

పరకాల_పంతులమ్మ
డాబా పైసలు మిగిలాయి కదా. ఇప్పుడైనా వంటింటి గురించి మాట్లాడతారా?

గోపాలపూర్_కోడలు
మీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను మేడం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి కింది అర తలుపు తీశాడు, అది చేతిలోకి ఊడొచ్చింది. చెదల మట్టి నేల మీద పడింది. వంటిల్లే చేద్దామన్నాడు.

పరకాల_పంతులమ్మ
చాలా సంతోషం. మళ్లీ చెక్క వద్దు. గోడకు చెమ్మ ఉన్నచోట చెదలు మళ్లీ వస్తాయి. కరీంనగర్ గ్రానైటు కోసిన తర్వాత మిగిలే ముక్కలు కోత మిషన్ల దగ్గర అమ్ముతారు, అరలకు సరిపోతాయి. లేదా షాబాద్ బండలు ఇంకా చవక. అరలకు అల్యూమినియం తలుపులు తర్వాతైనా పెట్టించుకోవచ్చు, అప్పటిదాకా పరదా.

మిర్చి_యార్డు
సింకు కింద పైపు కూడా చూడండి. చెదలకు చెమ్మ ఎక్కడి నుంచో వస్తుంది.

నర్సంపేట_నాటు
పెరడు?

గోపాలపూర్_కోడలు
చెబుతాను అన్నా. నిన్న అత్తమ్మ కొంగు ముడి విప్పి చూపించింది. గుడ్డలో బూడిద కలిపి మూట కట్టిన చిక్కుడు గింజలు. వాళ్ల అమ్మ పెట్టిన పాదు గింజలట, ఏటా కొన్ని దాస్తూ వచ్చింది. కిందటేడు కాళ్ల నొప్పులకు విత్తలేదు. ఈ ఏడూ విత్తకపోతే మొలవవేమోనని ఆమె దిగులు. ఇన్ని రోజులు గొడవ పడింది కానీ ఈ మాట మాత్రం చెప్పలేదు. మా ఆయన గింజలు చేతిలోకి తీసుకుని లెక్కపెట్టాడు, 23 ఉన్నాయి.

ములుగు_వాన
అన్నీ ఒకేసారి పెట్టొద్దు, సగం పెట్టి సగం దాచండి.

కాజీపేట_రైలు
అయితే గచ్చు మాట తీసేయండి. తలుపు నుంచి బట్టలు ఉతికే బండ దాకా మూడడుగుల బాట వేయించండి, బురద తొక్కకుండా. రాత్రి వెళ్లేటప్పుడు లైటు ఒకటి ఉండాలి. మిగతాది అత్తమ్మకు.

గోపాలపూర్_కోడలు
నెల దాటింది, లెక్క రాస్తానని సారుకు మాటిచ్చాను.
ట్యాంకు పైపు 1,850. డాబా మీద నీళ్లు నిలిపితే పడమటి పిట్టగోడ మూలలో చెమ్మ కనిపించింది, రెండు వైపులా గోల కట్టించాం, సామాను, కూలి కలిపి 11,000. డాబాకు మేమే తెల్ల సున్నం కొట్టుకున్నాం, 1,200. వంటింట్లో రాతి అరలకు 26 వేలు అనుకుంటే 31 వేలైంది, మిర్చి_యార్డు అన్న చెప్పినట్టే సింకు పైపు గోడ లోపల పగిలి ఉంది. బాట 7,500, ఇంకుడు గుంత 6,000. మొత్తం 58,550. వేరే ఖాతాలో 50,450 ఉంది. పిల్లల ఫీజు కట్టేశాం. వంటింటికి తలుపుల్లేవు, నా పాత చీర పరదాగా కట్టాను.

మొదటి వాన మొన్న రాత్రి పడింది. అందరం హాలులో పైకి చూస్తూ కూర్చున్నాం. మరక రంగు ఇంకా పోలేదు కానీ చెయ్యి పెడితే పొడిగానే ఉంది.

లెక్కల_సారు
ఆ 50 వేలు ముట్టుకోవద్దమ్మా. డిసెంబరు దాకా చిట్టీ వాయిదాల్లో ఏ నెల తక్కువ పడినా అందులోంచే. వచ్చే ఏప్రిల్‌లో ఇంటి పన్నుకు కొంత తీసిపెట్టండి, ఆ నెలలో కడితే 5 శాతం తగ్గిస్తున్నారు.

సుతారి_బిడ్డ
మరక పూర్తిగా ఎండనివ్వండి అక్కా, వానకాలం పోయాకే రంగు వేయండి. ఇప్పుడు వేస్తే పొరలా లేస్తుంది.

నర్సంపేట_నాటు
గింజలు?

గోపాలపూర్_కోడలు
12 పెట్టింది, 9 మొలిచాయి. నాలుగో రోజు పొద్దున కోతుల గుంపు వచ్చి రెండు పీకేసింది. అత్తమ్మ కర్ర పట్టుకుని అక్కడే కుర్చీ వేసుకుంది, అన్నం కూడా అక్కడికే. పందిరికి జాలి వేయాలంటే ఏది కొనాలి, ఎంతవుతుంది?

వడ్డేపల్లి_గట్టు
నైలాన్ వల వద్దు, రెండు రోజుల్లో కొరికేస్తాయి. ఇనుప వెల్డ్‌మెష్, అంగుళం గడి, పైన కూడా మూయాలి, లేకపోతే గోడ మీద నుంచి దిగుతాయి. కొనేముందు పందిరి కొలతలు ఇక్కడ పెట్టండి. మా ఇంట్లో ఎనిమిదడుగుల ముక్క మిగిలి ఉంది, సరిపోతే వచ్చి తీసుకెళ్లండి.